వయోమింగ్‌లో ఆడవాళ్ల ఓటు: ఇచ్చిందెవరు, నిలిపిందెవరు?

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రం ఏటా డిసెంబరు 10ని ‘వయోమింగ్ డే’గా జరుపుకుంటుంది. 1869లో ఆ రోజున గవర్నర్ జాన్ క్యాంప్‌బెల్ ఒక చిన్న బిల్లు మీద సంతకం పెట్టాడు. ఇరవై ఒక్కేళ్లు నిండిన ప్రతి ఆడమనిషీ ప్రతి ఎన్నికలోనూ ఓటు వేయవచ్చు, మగవాళ్లతో సమానంగా పదవులూ చేపట్టవచ్చు అన్నది దాని సారం. ఆస్తి ఉండాలనో, పెళ్లికాకుండా ఉండాలనో షరతులేమీ లేవు. అదే హక్కు పంతొమ్మిదో రాజ్యాంగ సవరణ రూపంలో దేశమంతటికీ దక్కేసరికి 1920 వచ్చింది. అంటే వయోమింగ్ యాభై ఏళ్లు ముందు నడిచింది. రాష్ట్రానికి ‘సమానత్వ రాష్ట్రం’ అని ముద్దుపేరు. 1955లో ‘సమాన హక్కులు’ అన్న మాటనే అధికారికంగా రాష్ట్ర నినాదంగా చేసుకున్నారు. 2007లో వచ్చిన పావు డాలరు నాణెం మీద కూడా ఆ ముద్దుపేరే అచ్చయింది.

ఇంత గొప్ప పనికి కర్త ఎవరు అని అడిగితే మాత్రం నూటయాభై ఏళ్లుగా జవాబు మారుతూనే ఉంది. ఒక తరం ఒక పెద్దావిడను చూపించింది. తర్వాతి తరం ఒక సారా దుకాణందారును చూపించింది. మరికొందరు ఇదంతా ఎగతాళిగా మొదలైందని తేల్చేశారు. ఈ పేచీలో పడి అంతకన్నా పెద్ద ప్రశ్న వెనక్కి పోయింది: వచ్చిన హక్కు ఊడిపోకుండా ఎలా నిలిచింది?

ముందు ఆ చోటి సంగతి చూడాలి. 1869 నాటికి వయోమింగ్ ఇంకా రాష్ట్రం కాదు. అంతకు ఏడాది ముందు అమెరికా కాంగ్రెస్ ఏర్పరచిన టెరిటరీ. గవర్నరూ జడ్జీలూ వాషింగ్టన్ నియమిస్తే వచ్చినవాళ్లే. యూనియన్ పసిఫిక్ కంపెనీ రైలు పట్టాలు వేసుకుంటూ పోతుంటే వాటి వెంట షయాన్, లారమీ లాంటి ఊళ్లు గుడారాలుగా మొదలై ఊళ్లుగా నిలబడ్డాయి. 1870 జనగణనలో మొత్తం జనాభా 9,118. మన దగ్గర ఒక మోస్తరు పెద్ద పంచాయతీలో ఉండేంత మంది. తెగల ప్రజలను చాలావరకు ఆ లెక్కలో చేర్చనే లేదు. ఇరవై ఒక్కేళ్లు దాటిన మగవాళ్లు ఆరుగురుంటే అదే వయసు ఆడమనిషి ఒక్కరుండేది. రైలు దారికి దూరంగా, కొండల మీద, సౌత్ పాస్ సిటీ అని ఇంకో ఊరు వెలిసింది. అక్కడి క్యారిసా గనిలో 1867లో బంగారం దొరికింది. ఊరు ఎంత తొందరగా నిండిందో అంత తొందరగానే ఖాళీ అయింది. కథలో ముఖ్య పాత్రలు చాలావరకు ఈ ఊరివాళ్లే.

ఆ ఊళ్లో సారా దుకాణం నడిపిన విలియం బ్రైట్ టెరిటరీ శాసనమండలికి ఎన్నికై దానికి అధ్యక్షుడయ్యాడు. వర్జీనియాలో పుట్టినవాడు, డెమొక్రాట్, బడి మొహం చూడనివాడు. ఓటు బిల్లు పెట్టింది ఆయనే. ఎగువ సభలో 6–2, దిగువ సభలో 7–4 తేడాతో అది నెగ్గింది. రెండు సభల్లోనూ ఉన్నవాళ్లంతా డెమొక్రాట్లు. సంతకం పెట్టాల్సిన గవర్నర్ మాత్రం రిపబ్లికన్.

బిల్లును అడ్డుకోవాలని గట్టిగా చూసిన బెన్ షీక్స్‌ది కూడా సౌత్ పాస్ సిటీయే. చర్చను 1870 జులై 4కు వాయిదా వేద్దామన్నాడు. అది జాతీయ పండగ సెలవు, పైగా అప్పటికి సభే ఉండదు. ‘ఆడవాళ్లు’ అన్న చోట నల్లజాతి ఆడవాళ్లందరూ, ఇండియన్ తెగల ఆడవాళ్లందరూ అని చేర్చాలని ఇంకో సవరణ పెట్టాడు. బిల్లు మీద జాలితో కాదు, దాన్ని నవ్వులపాలు చేయడానికి. ఆ ఎత్తులు పారలేదు. బిల్లులో మొదట పద్దెనిమిదేళ్లని రాసిన వయసును ఇరవై ఒకటికి పెంచే సవరణ మాత్రం నెగ్గింది.

అందరూ మగవాళ్లే ఉన్న సభ, ఊరేగింపులూ సంతకాల ఉద్యమాలూ లేని చోట, ఇలాంటి చట్టం ఎందుకు చేసింది? ఇక్కడే చరిత్రకారుల మధ్య అసలు చర్చ. రిపబ్లికన్ గవర్నర్‌ను ఇరుకున పెట్టడానికి డెమొక్రాట్లు పన్నిన ఉచ్చు అని ఒక వాదం. సంతకం పెడితే సంప్రదాయవాదులు తిడతారు, పెట్టకపోతే సొంత పార్టీలోని సంస్కర్తలు తిడతారు. ఆయన ఎటూ సంతకం పెట్టడన్న ధీమా కొందరిలో ఉండేదంటారు. ఆడవాళ్లు లేని ప్రాంతానికి ఆడవాళ్లను రప్పించడానికి చేసిన ప్రచారం అన్నది రెండో వాదం. పేపర్లలో పేరు వస్తే జనం వస్తారు, జనం వస్తే భూముల ధర పెరుగుతుంది. షయాన్ పత్రికలు ఈ చట్టాన్ని అచ్చంగా ప్రకటనలాగే చూశాయి కూడా. మూడోది పైకి చెప్పుకోవడానికి ఇబ్బంది పెట్టేది. 1869 సెప్టెంబరు ఎన్నికల్లో ఫెడరల్ చట్టం పుణ్యమా అని నల్లజాతి మగవాళ్లు టెరిటరీలో ఓటు వేశారు. బ్రైట్‌కు అది గిట్టలేదు. వాళ్లకే ఓటుంటే తన భార్యకు, తన తల్లికి ఎందుకుండకూడదన్నది ఆయన తర్కంలో ఒక పాలు. సమానత్వ రాష్ట్రం పునాదిలో ఈ రాయి కూడా ఉంది. ఉత్సవాల్లో దాని ఊసు ఎవరూ ఎత్తరు.

ఇక ఎగతాళి వాదం. సెషన్ చివర్లో సరదాకు చేసిన పని అని అప్పట్లోనే కొందరు రాశారు. సభలో నవ్వులు లేవని కాదు. కానీ అదే సభ అదే సెషన్‌లో పెళ్లయిన ఆడవాళ్లకు సొంత ఆస్తి మీద హక్కు ఇచ్చింది. బడిపంతుళ్ల జీతాల్లో ఆడామగా తేడా చూపరాదని కూడా చట్టం చేసింది. ఒకే సరదాకు మూడు చట్టాలు చేస్తారా? పైగా నమ్మకంతో పనిచేసినవాళ్లూ ఉన్నారు. టెరిటరీ కార్యదర్శి ఎడ్వర్డ్ లీ వయోమింగ్‌కు రాకముందే, 1867లో, కనెక్టికట్ శాసనసభలో ఆడవాళ్ల ఓటు కోసం సవరణ ప్రతిపాదించి ఓడిపోయినవాడు. 1869 సెప్టెంబరులో ఆనాటి పేరుమోసిన వక్త ఆనా డికిన్సన్ షయాన్‌లో మాట్లాడింది. నవంబరులో, సభ నడుస్తుండగానే, సెయింట్ లూయిస్ నుంచి వచ్చిన రెడీలియా బేట్స్ సభ్యుల ముందే ఉపన్యసించింది. సౌత్ పాస్ సిటీ చారిత్రక స్థలంలో పనిచేసిన మైకేల్ మాసీ 1990లో రాసిన వ్యాసంలో, ఈ బిల్లును ఒట్టి హాస్యంగా కొట్టిపారేయడం కుదరదని ఇలాంటి ఆధారాలతోనే వాదించాడు. నిజానికి ఏ ఒక్క కారణంతోనూ ఏడు ఓట్లు పడవు. ఒకరికి పత్రికల్లో పేరు, ఇంకొకరికి గవర్నర్ మీద కసి, ఒకరికి జాతి దురభిమానం, ఒకరికి నిజమైన నమ్మకం. నలుగురూ ఒకే వైపు చెయ్యెత్తారు.

కానీ జనానికి ఇలాంటి చిక్కుముడి రుచించదు. ఒక మనిషి కావాలి, ఒక సన్నివేశం కావాలి. అది తేనీటి విందు రూపంలో దొరికింది.

ఎస్తర్ హోబర్ట్ మోరిస్ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. 1869లో, యాభై దాటిన వయసులో, భర్త, కొడుకులు ఉన్న సౌత్ పాస్ సిటీకి చేరింది. చట్టం వచ్చిన రెండు నెలలకు, 1870 ఫిబ్రవరి 14న, ఆ ఊరికి జస్టిస్ ఆఫ్ ది పీస్‌గా, అంటే చిన్న తగాదాలు విచారించే మేజిస్ట్రేటుగా, ఆమెను నియమించారు. ఆమెకు ముందున్నవాడు కోర్టు రిజిస్టరు అప్పగించకుండా మొండికేశాడు. ఆమె ముందుకు వచ్చిన తొలి కేసు అతని మీదే. కానీ అందులో తానే ఒక పక్షం అవుతానని గమనించి ఆమె దాన్ని కొట్టేసింది. చట్టం చదవని మనిషి మొదటి రోజే చూపించిన ఆ విచక్షణ చాలామంది చదివిన జడ్జీల్లో కనబడదు. ఎనిమిదిన్నర నెలల్లో పాతికకు పైగా కేసులు విచారించింది. గడువు తీరాక ఏ పార్టీ కూడా ఆమెను మళ్లీ నిలబెట్టలేదు. అమెరికాలో న్యాయాధికారం చేపట్టిన తొలి మహిళగా ఆమె పేరు నిలిచింది. ఆ గౌరవం ఒక్కటే చాలు.

అది చాలదనుకున్నారు. పత్రికా సంపాదకుడైన ఆమె పెద్ద కొడుకు స్లాక్ తల్లిని ఓటు హక్కుకు తల్లిగా రాయడం మొదలుపెట్టాడు. ఆమె 1902లో పోయింది. 1919లో, అంటే సంఘటన జరిగిన యాభై ఏళ్లకు, హెర్మన్ నికర్సన్ అనే పాతకాపు లాండర్ పత్రికకు ఒక లేఖ రాశాడు. 1869 ఎన్నికల ముందు మోరిస్ తన ఇంట్లో నలభై మందిని తేనీటికి పిలిచిందట. అభ్యర్థులైన బ్రైట్ దగ్గరా, నికర్సన్ దగ్గరా, ఎవరు నెగ్గినా ఆడవాళ్ల ఓటు బిల్లు పెట్టాలని అందరి ముందూ మాట తీసుకుందట. ఈ కథను వయోమింగ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన గ్రేస్ రేమండ్ హెబార్డ్ తన చిన్న పుస్తకంలోకి ఎక్కించింది. హెబార్డ్ సామాన్యురాలు కాదు. ఇంజనీరింగు చదివింది, న్యాయవాదిగా నమోదైంది, పాత బాటల వెంట ఊరూరా గుర్తురాళ్లు నాటించింది. స్థానిక చరిత్ర మీద ప్రేమ ఆమెకు ఎంత ఉండేదో, కథానాయికల మీద మోజు కూడా అంతే ఉండేది. లూయిస్, క్లార్క్ యాత్రలో దుబాసీగా నడిచిన షోషోనీ స్త్రీ సకాజవియా వయోమింగ్‌లోనే ముసలితనంలో చనిపోయిందని ఆమె రాసిన పుస్తకం మీద కూడా తర్వాతి పండితులు ఇలాంటి అభ్యంతరాలే లేవనెత్తారు.

తేనీటి విందును గట్టిగా ప్రశ్నించింది టి. ఎ. లార్సన్ అనే చరిత్రకారుడు. ఆయన ఆధారం చాలా చిన్నది, కానీ దాన్ని దాటడం కష్టం. బిల్లు నెగ్గిన నెలలోనే ఎస్తర్ కొడుకు రాబర్ట్ మోరిస్ ఒక ఉత్తరం రాశాడు. సూజన్ ఆంథొనీ, ఎలిజబెత్ స్టాంటన్‌లు నడిపే ‘ది రెవల్యూషన్’ పత్రిక దాన్ని అచ్చు వేసింది. తానూ తల్లీ బ్రైట్ ఇంటికి వెళ్లి అభినందించామని, అలా వచ్చినవాళ్లం మేమే మొదటివాళ్లమని అందులో రాశాడు. ఏ ఆడమనిషి ఉపన్యాసమూ వినలేదని, ఆ పత్రిక ఎన్నడూ చదవలేదని, ఇది కొత్త విషయం, ఊపున్న విషయం అని తెలిసి చేశానని బ్రైట్ చెప్పినట్టుగా కూడా రాశాడు. విందు ప్రసక్తే లేదు. తల్లి అంత పని చేసి ఉంటే, అందులోనూ దేశంలోని స్త్రీ హక్కుల నాయకురాళ్లు చదివే పత్రికకు రాస్తూ, ఏ కొడుకు మాత్రం ఆ ముక్క దాచుకుంటాడు?

అయినా రాతి బొమ్మల ముందు ఉత్తరాలు నిలవవు. 1960లో వాషింగ్టన్‌లోని కాపిటల్ భవనంలో వయోమింగ్ తరఫున ఎస్తర్ మోరిస్ విగ్రహం నిలబెట్టారు. శిల్పి ఏవర్డ్ ఫెయిర్‌బ్యాంక్స్. దాని నకలు షయాన్‌లో శాసనసభ భవనం ముందు వెలసింది. ఆ భవనానికి మరమ్మతులు చేసి 2019లో తిరిగి తెరిచినప్పుడు విగ్రహాన్ని బయట పెట్టకుండా లోపలికి మార్చారు. చట్టానికి నూటయాభై ఏళ్లు నిండే ఏడాదిలోనే ఇలా చేస్తారా అని కొందరు నొచ్చుకున్నారు. బ్రైట్ మాత్రం వయోమింగ్ వదిలి వెళ్లిపోయాడు. అంత పెద్ద విగ్రహం ఆయనకు రాలేదు.

ఇంకో తగాదా పక్క రాష్ట్రంతో. చట్టం చేసింది వయోమింగ్ ముందే, కానీ ఓటు ముందు పడింది యూటాలో. అక్కడ 1870 ఫిబ్రవరి 12న చట్టం వచ్చింది, రెండు రోజులకే సాల్ట్ లేక్ సిటీ పురపాలక ఎన్నికలు జరిగాయి. సెరాఫ్ యంగ్ అనే యువ ఉపాధ్యాయురాలు తొలి ఓటు వేసింది. వయోమింగ్ ఆడవాళ్లు సెప్టెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ‘మేం ముందు’ అని రెండు రాష్ట్రాల పర్యాటక పత్రాలూ రాసుకుంటాయి. వాళ్ల వాళ్ల లెక్కలో ఇద్దరిదీ నిజమే. అయితే యూటా కథ మలుపు వేరు. బహుభార్యాత్వం మీద కోపంతో 1887లో కాంగ్రెస్ చట్టం చేసి అక్కడి ఆడవాళ్ల ఓటు లాగేసుకుంది. 1896లో రాష్ట్రం అయ్యాకే అది తిరిగి వచ్చింది. హక్కు రావడం వేరు, ఉండటం వేరు అని చెప్పడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

1870 సెప్టెంబరు 6న పొద్దున్నే లారమీలో లూయీసా స్వెయిన్ అనే డెబ్బై ఏళ్లకు దగ్గరపడ్డ పెద్దావిడ ఇంట్లోంచి బయల్దేరింది. రొట్టెల పిండికి ఈస్ట్ తెచ్చుకోవాలని చేతిలో చిన్న తగరపు డబ్బా పట్టుకుంది. దారిలో పోలింగు కేంద్రం. ఇంకా తెరిచే వేళ కాకపోయినా అధికారులు ఆమెను ఓటు వేయనిచ్చారని చెబుతారు. ఓటు వేసింది, ఈస్ట్ తీసుకుని ఇంటికి వెళ్లింది. అదే రోజు షయాన్‌లో ఫెడరల్ మార్షల్ భార్య ఆగస్టా హౌ కూడా ఓటు వేసింది. లారమీలో ఇప్పుడు స్వెయిన్ విగ్రహం ఉంది. 2008లో కాంగ్రెస్ సెప్టెంబరు 6ను ఆమె పేరిట గుర్తించింది. మోరిస్ కథతో పోలిస్తే ఈ కథలో నాటకం తక్కువ, అందుకే నమ్మబుద్ధేస్తుంది. ఎన్నికల రోజు గొడవలు ఉంటాయని, ఆడవాళ్లు కేంద్రాల దగ్గరకు రాలేరని చెప్పినవాళ్ల అంచనా ఆ రోజు తప్పింది.

అంతకన్నా పెద్ద అలజడి ఓటుతో కాదు, జూరీతో వచ్చింది. 1870 మార్చిలో ప్రధాన న్యాయమూర్తి జాన్ హౌ లారమీ కోర్టులో ఆడవాళ్లను జూరీకి పిలిచాడు. పదవులు చేపట్టవచ్చని చట్టం చెప్పాక జూరీకి ఎందుకు కాదన్నది ఆయన తర్కం. ఎలైజా స్టూవర్ట్ అనే టీచరు పేరు ముందు వచ్చింది. పత్రికల చిత్రకారులు వాళ్ల బొమ్మలు గీయాలని కోర్టు ముందు కాపు కాస్తే, ఆ ఆడవాళ్లు ముఖాల మీద మేలిముసుగులు దించుకుని వచ్చారు. అయినా తూర్పు పత్రికలు ఊరుకోలేదు, ఒళ్లో పసిపిల్లలతో జూరీలో కూర్చున్నట్టు బొమ్మలు అచ్చేశాయి. ఒక హత్య కేసులో రాత్రిళ్లు కూడా జూరీని కాపలాలో ఉంచాల్సి వస్తే, ఆడవాళ్లకు వేరే గదులు, వాళ్లకు కాపలాగా మార్తా బోయిస్ అనే ఆడ బెయిలిఫ్. ఆదివారం దుకాణం మూయాలన్న చట్టాన్ని ఖాతరు చేయని సారా వ్యాపారుల మీద ఆడవాళ్లున్న గ్రాండ్ జూరీ నేరారోపణలు చేసింది. ఊళ్లో మర్యాదస్తులు సంతోషించారు. సారా వ్యాపారులు మాత్రం ఈ లెక్క గుర్తు పెట్టుకున్నారు.

1871లో హౌ తప్పుకున్నాడు. తర్వాతి జడ్జీలు ఆడవాళ్లను పిలవడం మానేశారు. చట్టం ఎవరూ రద్దు చేయలేదు, తీర్పుతో ఎవరూ కొట్టేయలేదు, పిలవడం మానేశారంతే. వయోమింగ్ జూరీల్లో ఆడవాళ్లు మళ్లీ కూర్చునేసరికి 1950 అయింది. సుమారు ఎనభై ఏళ్లు! సమానత్వ రాష్ట్రం తన చరిత్రలో ఎంతో గర్వంగా చెప్పుకునే అధ్యాయం, దాని చివరి పేజీ చింపేసి చెబుతున్న అధ్యాయం ఇది.

ఓటుకూ అదే గతి పట్టేది. 1870 ఎన్నికల్లో కాంగ్రెస్ ప్రతినిధి పదవికి రిపబ్లికన్ అభ్యర్థి నెగ్గాడు. తాము ఇచ్చిన ఓటే తమను ముంచిందని డెమొక్రాట్లకు మండింది. 1871 చివర్లో రెండో శాసనసభ చట్టాన్ని రద్దు చేస్తూ బిల్లు ఆమోదించింది. గవర్నర్ క్యాంప్‌బెల్ వీటో చేశాడు. రెండేళ్ల ముందు సంతకం పెట్టడానికి తటపటాయించాడని చెప్పే ఆ మనిషే ఈసారి అడ్డు నిలిచాడు. ఆడవాళ్లు ఓటేశారు, పదవుల్లో పనిచేశారు, జూరీలో కూర్చున్నారు, టెరిటరీకి వచ్చిన నష్టం ఏదీ లేదు, అలాంటప్పుడు ఇచ్చింది వెనక్కి తీసుకోవడానికి కారణమేముంది అన్నది ఆయన వాదన. దిగువ సభ వీటోను 9–2తో తిప్పికొట్టింది. ఎగువ సభలో తొమ్మిది మందిలో ఆరుగురు కావాలి, అయిదుగురే వచ్చారు. ఒక్క ఓటు.

ఆ ఒక్క ఓటు రోజుకు వయోమింగ్‌లో పండగ లేదు. నిజానికి 1869 కన్నా 1871లోనే ఆడవాళ్ల పాత్ర ఎక్కువ. 1869లో చట్టం వాళ్లు ఎదురుచూస్తుండగా రాలేదు, చాలామందికి అది పేపర్లోనే తెలిసింది. 1871 నాటికి వాళ్లు రెండేళ్ల పని చూపించారు. క్యాంప్‌బెల్ వాదనకు బలం వాళ్ల అనుభవమే. స్వెయిన్ డబ్బాతో వెళ్లి ఓటు వేయడం, స్టూవర్ట్ ముసుగుతో జూరీలో కూర్చోవడం, మోరిస్ తొలి కేసు కొట్టేయడం లాంటి చిన్న పనులన్నీ కలిస్తేనే ఆ ఒక్క ఓటు. తల్లి ఎవరని వెతికే చరిత్ర ఇక్కడే పొరపాటు పడింది.

ఇంకో పరీక్ష 1889లో. రాష్ట్ర హోదా కోసం రాజ్యాంగం రాసే సభలో ఒక్క ఆడ సభ్యురాలు కూడా లేదు. ఆడవాళ్ల ఓటు క్లాజును విడిగా జనం ముందుకు పెడదామన్న ప్రతిపాదన వచ్చింది. విడగొడితే అది ఓడుతుందన్న భయం ఉంది. అంతకుముందే షయాన్‌లో అమాలియా పోస్ట్ తదితర మహిళలు సమావేశమై హక్కు పోకూడదని తేల్చి చెప్పారు. ప్రతిపాదన వీగిపోయింది. లింగభేదంతో ఓటు గానీ పదవి గానీ నిరాకరించరాదని రాసిన రాజ్యాంగాన్ని ఓటర్లు 6,272–1,923 తేడాతో ఒప్పుకున్నారు. ఆ ఓటర్లలో ఆడవాళ్లూ ఉన్నారు. తర్వాత వాషింగ్టన్‌లో గొడవ. ఆడవాళ్లు ఓటేసే రాష్ట్రాన్ని చేర్చుకోవడం దక్షిణాది డెమొక్రాట్లకు ఇష్టం లేదు. ప్రతినిధుల సభలో 139–127తో గట్టెక్కి, 1890 జులై 10న వయోమింగ్ నలభై నాలుగో రాష్ట్రమైంది. ఆడవాళ్లను వదులుకుని చేరేకన్నా వందేళ్లు బయటే ఉంటామని వయోమింగ్ తంతి కొట్టిందని ఒక కథ ఉంది. పండగ ఉపన్యాసాల్లో ఆ తంతి తప్పకుండా మోగుతుంది. దాని ప్రచారం దాని ఆధారం కన్నా చాలా పెద్దది.

ఆ జులైలోనే షయాన్‌లో జరిగిన ఉత్సవంలో ప్రధానంగా మాట్లాడింది తెరీసా జెంకిన్స్. నిండు గర్భిణి. మైకులు లేని కాలం. వేల మందికి వినబడాలని ఊరి బయట మైదానంలో సాధన చేసిందని, భర్త బగ్గీ దూరం దూరం తీసుకుపోతూ ఇంకా గట్టిగా అని అరిచేవాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎస్తర్ మోరిస్ గవర్నర్‌కు కొత్త జెండా అందించింది. పాత సంస్కరణ తరమూ, రాబోయే తరమూ ఒకే వేదిక మీద నిలిచిన రోజు అది.

తర్వాతి కథ తగ్గుతూ పెరుగుతూ సాగింది. కొలరాడోలో 1893లో మగ ఓటర్లే ఆడవాళ్ల ఓటు ఆమోదించారు, మరుసటి ఏడాదే ముగ్గురు మహిళలు అక్కడ శాసనసభకు ఎన్నికయ్యారు. ముందు మొదలుపెట్టిన వయోమింగ్‌లో తొలి శాసనసభ్యురాలు మేరీ బెల్లమీ, 1910లో! చట్టం వచ్చిన నలభై ఏళ్లకు. ఇంతకన్నా సరదా కథ జాక్సన్ ఊరిది. 1920లో ఆ చిన్న ఊరి మేయరుతో సహా మొత్తం టౌన్ కౌన్సిల్ మహిళలే నెగ్గారు. మేయరు గ్రేస్ మిల్లర్. కౌన్సిల్ స్థానం కోసం పోటీ చేసిన రోజ్ క్రాబ్‌ట్రీ సొంత మొగుడినే ఓడించింది. పాత బకాయి పన్నులు వసూలు చేశారు, వీధులు బాగు చేశారు, శ్మశానానికి దారి సరిచేశారు. ఊరి ఖజానా రెండు వందల డాలర్ల నుంచి రెండు వేలకు చేరింది. 1924లో గవర్నర్ భర్త చనిపోతే నెల్లీ టేలో రాస్ ఎన్నికై, 1925 జనవరి 5న అమెరికా తొలి మహిళా గవర్నర్‌గా ప్రమాణం చేసింది. టెక్సస్‌లో మిరియం ఫెర్గూసన్ ప్రమాణం అంతకు పదిహేను రోజుల తర్వాత. రాస్ 1926లో ఓడింది, తర్వాత ఇరవై ఏళ్లు దేశ టంకశాల అధిపతిగా పనిచేసింది. వయోమింగ్‌కు ఆమె తర్వాత, 2022 ఎన్నికలతో సహా అప్పటిదాకా, మరో మహిళా గవర్నర్ రాలేదు.

ఎవరికి ఇచ్చారన్న లెక్కలో ఎవరికి ఇవ్వలేదన్న లెక్క కూడా ఉండాలి. 1869 చట్టంలో జాతి పేరు లేదు, కానీ పౌరసత్వం లేనివాళ్లకు ఓటు లేదు. విండ్ రివర్ రిజర్వేషన్‌లో ఉన్న షోషోనీ, అరాపహో తెగల ప్రజలందరికీ పౌరసత్వం 1924 చట్టంతోనే ఖాయమైంది. రైలు దారి పనులు చేసిన, బొగ్గు తవ్విన చైనీయులకు 1943 దాకా పౌరసత్వం తీసుకునే వీలే లేదు. 1885లో రాక్ స్ప్రింగ్స్ గనుల దగ్గర తెల్ల కార్మికులు 28 మంది చైనీయులను చంపేశారు. 1889 రాజ్యాంగంలోనే ఓటరుకు రాజ్యాంగం చదవడం రావాలన్న నిబంధన కూడా ఉంది. బడి మొహం చూడని బ్రైట్ ఆ పరీక్షకు ఎలా నిలిచేవాడో!

వాషింగ్టన్ కాపిటల్‌లో ప్రతి రాష్ట్రానికీ రెండు విగ్రహాలు ఉంటాయి. వయోమింగ్ రెండో విగ్రహం, 2000లో పెట్టింది, షోషోనీ నాయకుడు వాషాకీది. మోరిస్ మేజిస్ట్రేటుగా కూర్చున్న సౌత్ పాస్ సిటీ, వాషాకీ ప్రజల రిజర్వేషన్‌లో చాలా భాగం ఈనాడు ఒకే ఫ్రీమాంట్ కౌంటీలో ఉన్నాయి. ఆ కౌంటీలో ఐదుగురు కమిషనర్లను కౌంటీ మొత్తం ఒకే నియోజకవర్గంగా ఎన్నుకునేవారు. దాంతో రిజర్వేషన్ ఓటర్లు ఎంత కలిసికట్టుగా ఓటేసినా తమవాళ్లను గెలిపించుకోలేకపోతున్నారని తెగల ఓటర్లు 2005లో దావా వేశారు. ఆ పద్ధతి ఓటు హక్కుల చట్టానికి విరుద్ధమని 2010లో ఫెడరల్ కోర్టు తీర్పు చెప్పింది. రిజర్వేషన్‌కు ఒక వార్డు విడగొట్టి, మిగతా నలుగురినీ పాత పద్ధతిలోనే ఎన్నుకుంటామని కౌంటీ అడిగితే కోర్టు ఒప్పుకోలేదు, ఐదు వేర్వేరు వార్డులు చేయించింది. 2012లో అప్పీలు కోర్టు కూడా దాన్నే సమర్థించింది. సౌత్ పాస్ సిటీ ఇప్పుడు ఆ ఐదింటిలో ఒకదాని కిందికి వస్తుంది.